మసక ఏ తీరుదో చూశాకే షాపుకు: ఫోన్ కెమెరాపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఫోన్ కెమెరా గురించే. దాదాపు అందరూ ‘ఫొటో మసగ్గా వస్తోంది’ అనే రాశారు కానీ, వివరాల్లోకి వెళ్తే ఒక్కొక్కరిది ఒక్కో తీరు. అందుకే షాపుకు వెళ్లేముందు ఒక పని చేయండి. చెడిపోయిన ఫొటో తెరిచి, వేళ్లతో పెద్దది చేసి, మసక ఏ ఆకారంలో ఉందో చూడండి. బొమ్మంతా పాలు కలిపిన నీళ్లలా తెల్లబారిందా? అంచులు ఒకే దిక్కుకు సాగాయా? వెనకున్న గోడ తేటగా ఉండి మనిషి మాత్రమే మసగ్గా ఉన్నాడా? ఒక్క మూల మాత్రమే చెదిరిందా? వైద్యం దాన్ని బట్టే ఉంటుంది.

ప్రశ్న: ఫోన్ కొని రెండేళ్లయింది. మొదట్లో ఫొటోలు అద్దంలా వచ్చేవి. ఇప్పుడు పగలు తీసినా మంచు పట్టినట్టుంటున్నాయి. రాత్రి తీస్తే వీధి దీపాల నుంచి పొడుగాటి వెలుగు గీతలు వస్తున్నాయి. మొబైల్ షాపులో కెమెరా మార్చాలంటున్నారు. మార్పించాలా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే వద్దండీ. పగలు తెల్లటి పొర, రాత్రి దీపాల నుంచి గీతలు – ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది లెన్సు పైనున్న గాజు మీది జిడ్డునే. ఫోన్ పట్టుకున్నప్పుడు చూపుడువేలు సరిగ్గా అక్కడికే వెళ్తుంది. తలనూనె, వంటింట్లో పోపు ఆవిరి, చెమట అన్నీ కలిసి సన్నటి పొరగా అంటుకుంటాయి. చీర కొంగుతో తుడిస్తే ఆ జిడ్డు పోదు, తుడిచిన వైపుకు సన్నటి చారలుగా సాగుతుంది. దీపం వెలుగు ఆ చారలకు అడ్డంగా చీలుతుంది. అంటే మీరు గాజును ఎడమ నుంచి కుడికి తుడిస్తే ఫొటోలో వెలుగు గీతలు పైకీ కిందికీ వస్తాయి.

ఇదే మంచి పరీక్ష కూడా. రాత్రి ఒక వీధి దీపాన్ని ఫొటో తీయండి. తర్వాత గాజును ఇంకో దిక్కుకు ఒక్కసారి తుడిచి మళ్లీ తీయండి. గీతల దిక్కు మారితే తప్పు జిడ్డుదే, కెమెరా లోపల ఏమీ కాలేదు.

శుభ్రం చేయడానికి కళ్లజోడుతో ఇచ్చే మైక్రోఫైబర్ గుడ్డ చాలు. ముందు మెత్తటి బ్రష్‌తో ఇసుక రేణువులు దులపండి. రేణువు ఉండగానే రుద్దితే గాజు మీద గీత పడుతుంది, అది ఇక పోదు. గుడ్డ మూలను కొంచెం తడిపి గుండ్రంగా నాలుగైదు చుట్లు తుడిచి, పొడి మూలతో మళ్లీ తుడవండి. మొండి జిడ్డయితే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క గుడ్డ మీద వేసుకోండి, ఫోన్ మీద నేరుగా పోయకండి. గోళ్లరంగు తుడిచే ద్రావణం, అద్దాలకు కొట్టే స్ప్రే దగ్గరికి రానివ్వకండి.

కెమెరా మీద విడిగా గాజు గార్డు అంటించారేమో చూడండి. గార్డుకూ అసలు గాజుకూ మధ్య సందులో దుమ్ము, తేమ చేరతాయి. పైనుంచి ఎంత తుడిచినా అవి పోవు. గార్డు తీసేసి ఒక ఫొటో, ఉంచి ఒక ఫొటో తీసి పోల్చండి. ఫ్లాష్ వేసినప్పుడు మాత్రమే ఫొటో తెల్లబారుతుంటే ఖచ్చితంగా గార్డునో వెనక కవరునో అనుమానించాలి. ఫ్లాష్‌నీ లెన్సునీ ఒకే గాజు కప్పి ఉంటే ఆ వెలుగు గాజు లోపలి నుంచే పాకి లెన్సులోకి దిగుతుంది.

ఇవన్నీ చేశాక కూడా తేడా లేకపోతే టార్చ్ వెలుగు పక్క నుంచి ఏటవాలుగా వేసి గాజును చూడండి. గీతలో పగులో కనబడితే ‘కెమెరా గ్లాస్ మాత్రమే మార్చండి’ అని అడగండి. పై గాజు వేరు, లోపలి కెమెరా మాడ్యూల్ వేరు. గాజుకు అయ్యే ఖర్చు మాడ్యూల్ ఖర్చులో చిన్న వంతు. ఈ తేడా చెప్పకుండా మొత్తం మార్చేద్దామనే చోట పని చేయించకండి.

ప్రశ్న: పిల్లలు ఇంట్లో ఆడుతుంటే ఒక్క ఫొటో సరిగా రాదు. బతుకమ్మ ఆడేటప్పుడు కూడా అంతే, బతుకమ్మలు తేటగా వస్తాయి, ఆడేవాళ్లు అలుక్కుపోతారు. ఫోన్‌లో ఓఐఎస్ ఉందని చెప్పి అమ్మారు. మరి ఎందుకిలా?
– ఒక ఉపాధ్యాయురాలు, సిద్దిపేట

జవాబు: బతుకమ్మ తేటగా వచ్చిందంటే ఫోకస్ బాగుంది, మీ చెయ్యీ కదల్లేదు. కదిలింది మనుషులే. ఓఐఎస్ (ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్) చేసేది మీ చేతి వణుకును సరిదిద్దడం ఒక్కటే. ఎదుటివాళ్ల కదలికను అది ఆపలేదు. దాన్ని ఆపేది షట్టర్ వేగం.

ఆ ఫొటోను గూగుల్ ఫొటోస్‌లో తెరిచి పైకి జరపండి. ఎఫ్/1.8, 1/30, ఐఎస్‌వో 1000 లాంటి అంకెలు కనబడతాయి. ఐఎస్‌వో అంటే కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. మధ్యలో ఉన్న 1/30 అంటే సెకనులో ముప్పయ్యో వంతు సేపు లెన్సు వెలుగును లోపలికి తీసుకుందని. సెకనుకు రెండు మీటర్ల చొప్పున పరిగెత్తే పిల్లాడు అంతలోపే దాదాపు ఏడు సెంటీమీటర్లు జరుగుతాడు. ఆ ఏడు సెంటీమీటర్లే ఫొటోలో అలుకు. 1/250 పెడితే అది ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గుతుంది.

కెమెరాలో ప్రో మోడ్ (ఈ అంకెలు మనమే పెట్టుకునే పద్ధతి) ఉంటే షట్టర్ 1/250, ఐఎస్‌వో 1600 దగ్గర మొదలుపెట్టండి. ఫొటో కొంచెం గరుగ్గా వస్తుంది, రానివ్వండి. గరుకు ముఖాన్ని గుర్తుపట్టొచ్చు, అలుక్కుపోయిన ముఖాన్ని పట్టలేం. ఇక్కడ ఒక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ 1/250లో తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు పడొచ్చు. అప్పుడు 1/100కి దిగండి, పట్టీలు పోతాయి. అక్కడ అలుకు రెండు సెంటీమీటర్లు ఉంటుంది, నడిచేవాళ్లకైతే పరవాలేదు. ప్రో మోడ్ లేని ఫోన్లలో నైట్ మోడ్ ఆపేయండి. అది కొన్ని సెకన్ల పాటు వరసగా తీసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, ఆడేవాళ్లకు అస్సలు పనికిరాదు. జూమ్ చేయకుండా 1ఎక్స్‌లోనే ఉండి మీరే రెండడుగులు దగ్గరికి జరగండి. చాలా ఫోన్లలో ఎక్కువ వెలుగు పట్టే లెన్సు అదే.

బతుకమ్మకు ఇంకో కిటుకు ఉంది. ఆటలో వంగి చప్పట్లు కొట్టే చోట, రెండు చేతులూ కలిసిన ఆ క్షణాన ఒంట్లో కదలిక దాదాపు ఆగుతుంది. రెండు చుట్లు లయ గమనించి, చప్పట్లకు కాస్త ముందే మీట నొక్కండి. వేలితో నొక్కాక ఫొటో పడేలోపు చిన్న ఆలస్యం ఉంటుంది కాబట్టి, శబ్దం విని నొక్కితే ఆ క్షణం దాటిపోతుంది. వరస ఫొటోలు కావాలంటే ఐఫోన్‌లో షట్టర్ మీటను ఎడమకు లాగి పట్టుకోవాలి. చాలా శాంసంగ్ ఫోన్లలో స్క్రీన్ అంచు వైపు లాగి పట్టుకోవాలి.

ప్రశ్న: వరి దుబ్బు మొదట్లో దోమ కనబడితే ఫొటో తీసి వ్యవసాయ అధికారికి పంపుతున్నా. ‘ఏమీ కనబడటం లేదు, దగ్గరగా తీయండి’ అంటారు. దగ్గరికి పోయినకొద్దీ ఇంకా మసక అవుతోంది.
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: మీరు మరీ దగ్గరికి పోతున్నారు. ప్రతి లెన్సుకూ ఒక హద్దు దూరం ఉంటుంది, దానికన్నా దగ్గరున్న వస్తువు మీద అది ఎప్పటికీ ఫోకస్ కాలేదు. పెద్ద సెన్సర్లున్న ఖరీదైన ఫోన్లలో ఆ హద్దు తగ్గకపోగా పెరుగుతూ వచ్చింది. ఐఫోన్ 13 ప్రోలో మెయిన్ కెమెరాకు 15 సెంటీమీటర్లు ఉంటే, 15 ప్రోలో 24 సెంటీమీటర్లు. ఖరీదైన ఫోన్ కొన్నాక దగ్గరి ఫొటోలు చెడుతున్నాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే.

మీరు చేయాల్సింది తేలిక. దుబ్బుకు ఒక జానెడు మీద నాలుగు వేళ్ల దూరం, అంటే 28–30 సెంటీమీటర్లు, వెనక్కి రండి. 2ఎక్స్ నొక్కండి. స్క్రీన్ మీద పురుగున్న చోట వేలితో తాకి, రెండు సెకన్లు అలాగే నొక్కి ఉంచండి. ఐఫోన్‌లో ‘ఏఈ/ఏఎఫ్ లాక్’ అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం బొమ్మ వస్తుంది. ఇక ఫోకస్ కదలదు.

తాకినా ఫోకస్ వెనకున్న నీళ్ల మీదికో పక్క దుబ్బు మీదికో పోతోందా? వరి ఆకు సన్నం, పిలక సన్నం, కెమెరాకు పట్టుకోవడానికి చాలినంత అంచు దొరకదు. అప్పుడు పిలక వెనక ఆనించి మీ అరచెయ్యి పెట్టండి. చేతి గీతల మీద ఫోకస్ ఇట్టే కుదురుతుంది. లాక్ చేసి, ఫోన్ దూరం మార్చకుండా చెయ్యి తీసేయండి. ఇంకా మంచిది, చెయ్యి తీయకుండా పిలకను అదే చేత్తో కదలకుండా పట్టుకోండి. గాలికి ఊగడం ఆగుతుంది, పురుగు ఎంత ఉందో చేతి పక్కన పోల్చి చూడటానికీ వీలవుతుంది. సుడిదోమ సాధారణంగా మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి ఆ కొలత అధికారికి పనికొస్తుంది.

మీ ఫోన్‌లో ‘మ్యాక్రో’ అని విడిగా ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ రకం వాటిలో చాలా మటుకు ఫోకస్ కదలదు. సుమారు నాలుగు సెంటీమీటర్ల దగ్గర మాత్రమే తేటగా ఉంటుంది, పైగా ఫోన్ నీడే దుబ్బు మీద పడుతుంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు తీసేవాళ్లూ ఇదే పద్ధతి పాటించండి: ఒకటిన్నర జానెడు దూరం, 2ఎక్స్, లాక్. కాగితాన్ని వంచకుండా నేల మీద పరిచి తీయండి.

ప్రశ్న: నేను డెలివరీ పని చేస్తాను. దారి చూడటానికి ఫోన్‌ను బైక్ హ్యాండిల్‌కు బిగిస్తాను. ఈమధ్య కెమెరా తెరిస్తే బొమ్మ జెల్లీలా వణుకుతోంది, టకటకమని శబ్దం. ఫోకస్ ముందుకీ వెనక్కీ పోయి ఎప్పటికో ఆగుతోంది. 0.5ఎక్స్‌లో మాత్రం బాగానే ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ చివరి వాక్యంలోనే సమాధానం ఉంది. చాలా ఫోన్లలో 0.5ఎక్స్ కెమెరాకు ఓఐఎస్ ఉండదు, మెయిన్ కెమెరాకు ఉంటుంది. దెబ్బతిన్నది దాని కదిలే భాగమే.

లెన్సు పక్కనే వెంట్రుకలాంటి తీగ చుట్టలు, చిన్న అయస్కాంతాలు ఉంటాయి. తీగలో కరెంటు పారినప్పుడు పుట్టే బలంతో లెన్సు మిల్లీమీటరులో కొన్ని వంతులు ముందుకూ వెనక్కూ జరిగి ఫోకస్ పడుతుంది. ఓఐఎస్ ఉన్న కెమెరాలో అది పక్కలకూ జరుగుతుంది. లెన్సును పట్టి ఉంచేవి సన్నటి స్ప్రింగులు. బైక్ ఇంజిన్ అదురు హ్యాండిల్ గొట్టం గుండా నేరుగా ఆ స్ప్రింగులకు చేరుతుంది. ఎక్కువకాలం ఇలా అదిరితే ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీ 2021 సెప్టెంబరులో తన సహాయ పేజీలో హెచ్చరించింది. ఎక్కువ సామర్థ్యం ఉన్న ఇంజిన్ల బైకులకు ఫోన్ బిగించవద్దంది. మోపెడ్లు, స్కూటర్లకైతే అదురును తగ్గించే మౌంట్ వాడమంది. పనితనం ఒకటే కాబట్టి ఓఐఎస్ ఉన్న ఏ ఫోన్‌కైనా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

అయితే మాడ్యూల్ పోయిందని తేల్చేముందు మూడు పరీక్షలు. మొదటిది, కవరూ వెనక అంటించిన లోహపు రేకూ అయస్కాంతపు ఉంగరమూ అన్నీ తీసేయండి. లెన్సు ఎక్కడుందో కొలిచే సెన్సర్ అయస్కాంత క్షేత్రాన్ని చదివే రకమైతే పక్కనున్న అయస్కాంతం దాన్ని దారి తప్పిస్తుంది. కవరు తీయగానే వణుకు ఆగితే మీ డబ్బు మిగిలినట్టే. రెండోది, బల్ల మీదున్న పుస్తకాన్ని పైనుంచి కిందికి చూస్తూ తీయండి, తర్వాత పైకప్పు ఫ్యానును కింది నుంచి తీయండి. ఒక వైపు ఫోకస్ కుదిరి రెండో వైపు కుదరకపోతే స్ప్రింగు పట్టు సడలిందని అర్థం, లెన్సు తన బరువుకే జారుతోంది. మూడోది, ఇంకో కెమెరా యాప్‌తో తీసి చూడండి. అందులోనూ అదే వణుకైతే కెమెరా యాప్ తప్పు కాదు.

ఫోన్ ఊపితే లోపల చిన్నగా కటకటమనడం మాత్రం జబ్బు కాదు. కెమెరా ఆపి ఉన్నప్పుడు ఓఐఎస్ లెన్సు వదులుగానే ఉంటుంది. కెమెరా తెరిచాక కూడా శబ్దం ఆగకపోతేనే అనుమానించాలి. మాడ్యూల్ లోపలి స్ప్రింగును షాపుల్లో బాగుచేయరు, మొత్తం మాడ్యూల్ మార్చాల్సిందే. వారంటీ ఉంటే బయట విప్పించకండి. కొత్తది వేశాక ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించడం మానేయండి.

ప్రశ్న: ఫోకస్ అన్నిసార్లూ కాదు, కొన్నిచోట్లే నెమ్మదిస్తోంది. ఇంట్లో సాయంత్రం, తెల్లగోడ ముందు మరీ. ఫోన్ పాతబడిందా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: పాతబడటం కాదు. కెమెరా ఫోకస్‌ను అంచుల మీద పడుతుంది, అంటే వెలుగూ నీడా కలిసే చోట. తెల్లగోడకు అంచే లేదు. సాయంత్రపు మసక వెలుతురులో ఉన్న అంచులూ కరిగిపోతాయి. మనిషిని తీసేటప్పుడు చెంప మీద తాకకండి, కంటి మీదో చొక్కా కాలరు మీదో తాకండి. ఇంకో దీపం వేయడం అన్నిటికన్నా త్వరగా పనిచేసే మందు. కొన్ని ఫోన్లలో లెన్సు పక్కన చిన్న నల్లటి చుక్కలాంటి లేజర్ కిటికీ ఉంటుంది, చీకట్లో దూరం కొలిచేది అదే. కవరు అంచు దాన్ని మూస్తోందేమో చూడండి.

ఫోకస్ కుదిరాక ఫొటో సేవ్ కావడం ఆలస్యమైతే అది వేరే సంగతి. స్టోరేజ్ నిండి ఉండొచ్చు, ఖాళీ చేయండి. ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో కెమెరా, స్టోరేజ్, ‘క్లియర్ క్యాష్’ నొక్కండి. ఫొటోలు పోవు.

ప్రశ్న: ఫోన్ ఒకసారి కింద పడింది. అప్పటినుంచి ప్రతి ఫొటోలో కుడివైపు చెదిరినట్టుంటోంది.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: దినపత్రిక పేజీని గోడకు చదునుగా అంటించి, మీటరు దూరం నుంచి గోడకు సమాంతరంగా ఫోన్ పట్టి తీయండి. తర్వాత ఫోన్‌ను తలకిందులు చేసి అదే చోటి నుంచి మళ్లీ తీయండి. మొదట పత్రికలో ఏ వైపు అక్షరాలు చెదిరాయో, రెండోసారి దానికి ఎదురువైపు అక్షరాలు చెదిరితే మసక ఫోన్‌తో పాటు తిరిగిందన్నమాట. లోపల లెన్సు పక్కకు ఒరిగింది, మాడ్యూల్ మార్చాలి. రెండుసార్లూ పత్రికలో ఒకే వైపు చెదిరితే గోడకు మీరు ఏటవాలుగా నిలబడ్డారు.

ప్రశ్న: విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో విస్టాడోమ్ కోచ్ ఎక్కాం. గాజు లోంచి లోయలు తీస్తే సగం ఫొటోలు మసక. ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఫోకస్ గాజు మీద, దాని మీది వాన చినుకుల మీద ఆగింది. లేజర్ ఉన్న ఫోన్లలో ఆ కిరణం గాజుకే తగిలి వెనక్కొస్తుంది. ఫోన్‌ను గాజుకు దాదాపు ఆనించండి, మరీ అదిమి పెడితే రైలు అదురు ఫోన్‌కు ఎక్కుతుంది. దూరపు కొండ మీద తాకి లాక్ చేయండి. ప్రో మోడ్‌లో మాన్యువల్ ఫోకస్‌ను కొండ గుర్తు వైపు చివరిదాకా జరిపితే ఇంకా నిశ్చింత. పట్టాల పక్క చెట్లు మాత్రం షట్టర్ వేగం 1/1000 కన్నా తగ్గితే సాగుతాయి, వాటిని వదిలి లోయ అవతలి కొండలు తీయండి.

ప్రశ్న: ఫోన్‌లో చక్కగా ఉన్న ఫొటో ఫ్లెక్సీ మీద మసక వచ్చింది. వాట్సాప్‌లోనే పంపాను.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లే మిగులుతాయి. ఆరడుగుల ఫ్లెక్సీ అంటే 72 అంగుళాలు, అంగుళానికి 22 పిక్సెళ్లు. దగ్గరికెళ్తే గళ్లు కనబడక తప్పదు. 2023 నుంచి ఉన్న హెచ్‌డీ మీట నొక్కి పంపితే కొంత మెరుగు. ప్రింటు కోసమైతే పిన్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపండి, అసలు ఫైలు అలాగే వెళ్తుంది. మీకు ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటోను మళ్లీ డాక్యుమెంట్‌గా పంపితే లాభం లేదు, తీసినవాళ్ల ఫోన్‌లోంచే రావాలి.

ప్రశ్న: వానలో తడిశాక లెన్సు లోపల ఆవిరి పట్టింది. బియ్యంలో పెట్టమంటున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: బియ్యం వద్దు, పిండి రేణువులు చార్జింగ్ రంధ్రంలో చేరతాయి. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, వేడికి అంచుల బంక సడలుతుంది. ముందు బయటి వైపు తుడవండి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వచ్చినప్పుడు పట్టేది బయటి ఆవిరే, అయిదు నిమిషాల్లో పోతుంది. లోపలే అయితే ఫోన్ ఆపి, చార్జింగ్ పెట్టకుండా, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచండి. ఆవిరి పోయినా సర్వీస్ సెంటర్‌లో చూపించండి. నీరు ఒకసారి లోపలికి దారి చేసుకుందంటే మళ్లీ వానకు మళ్లీ వస్తుంది.